తలుపు వేసే ఉంది

మునగమన్నారు. మునగలేదు. కథ అంతే. ఎందుకు మునగలేదో చెప్పమంటే మాత్రం మా తమ్ముడి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మధ్యలో నా గొంతు పెరుగుతుంది, ఏమీ అనుకోకండి. ఓడల యార్డులో గ్యాస్ కటింగు చేసీ చేసీ మెల్లగా మాట్లాడటం మర్చిపోయాను. పైగా ఈ కోపం నిన్నమొన్నటిది కాదు.

మా తమ్ముణ్ణి ఇంట్లో గొళ్లెం అనేవాళ్లం. చిన్నప్పటినుంచీ వాడికదే పిచ్చి. బీరువా తలుపు ఓరగా ఉంటే వాడికి నిద్రపట్టేది కాదు. నేను స్నానానికి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాక కూడా వాడు బయటినుంచి గొళ్లెం పెట్టేసి పోయేవాడు, నేను లోపల గొంతు చించుకునేదాన్ని. నేవీలో చేరాక వాడికి సరిగ్గా తగిన పనే దొరికింది. ఓడ అడుగుభాగంలో నీళ్లు చొరని తలుపులుంటాయి. చుట్టూ రబ్బరు పట్టీ, అంచు పొడుగునా ఇనప పిడులు. ఒక్కో పిడినీ కిందికి నొక్కితే తలుపు గోడకి అతుక్కుపోతుంది. ఆ తలుపుల బాధ్యత వాడిది. సెలవుకి ఇంటికొస్తే ఫ్రిజ్జు తలుపు వేసి, దానిమీద అరచెయ్యి పెట్టి ఒకసారి నొక్కి చూసేవాడు. మా మరదలు నవ్వి, "ఫ్రిజ్జు మునిగిపోదులెండి" అనేది.

వాడు పనిచేసిన ఓడ గైడెడ్ మిస్సైల్ క్రూయిజర్. దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ, నావికులందరూ పెద్దత్త అనేవాళ్లు. వయసెక్కువ, చప్పుడెక్కువ, ఎవరి మాటా వినదు. పుట్టినప్పుడు అది ఉత్త ఫిరంగుల ఓడ. ముందు వైపు ఫిరంగులు, వెనక వైపు ఫిరంగులు, ఒళ్లంతా మందపాటి ఉక్కు. రానురాను విమానాలు ఫిరంగికి అందనంత వేగంగా రావడం మొదలైంది. ఇక పెద్దత్తని ఇంటికి పంపేస్తారనుకుంటే, యార్డులోకి తెచ్చి, వెనక ఫిరంగిని పీకేసి, డెక్కుని కోసి, అక్కడ రెండు చేతుల లాంచరు కూచోబెట్టారు. దాని కింద మిస్సైళ్ల గది. మనిషికన్నా బాగా పొడుగైన మిస్సైళ్లు గుండ్రటి చట్రంలో వరసగా నిలబడి ఉండేవి. మీట నొక్కితే ఒక్కోటీ పైకి లేచి లాంచరు చేతికి తగులుకునేది. పైన స్తంభానికి రాడార్లు. కంటికి ఆనని దూరంలో ఉన్న విమానాన్ని అవి పట్టుకుని, మిస్సైలు దాన్ని చేరేదాకా చూపు తిప్పకుండా దారి చూపించేవి. నీటి కింద జలాంతర్గామి కదిలితే వినే యంత్రం ముక్కు దగ్గర, హెలికాప్టరు దిగే చోటు తోక దగ్గర.

మా తమ్ముడు ఇవన్నీ సొంత అత్తగారి నగలు వర్ణించినట్టు వర్ణించేవాడు. "అక్కా, మేం భోంచేస్తున్నా సరే, అది ఆకాశమంతా కాపలా కాస్తూనే ఉంటుంది" అనేవాడు.

"నీ కంచం మీద కూడా ఓ కన్నేసి ఉంచమను, చిక్కి సగమయ్యావు" అనేదాన్ని నేను.

ఆ రాడార్లకీ లాంచరుకీ కరెంటు అందాలి. అందుకని చెయ్యంత లావు కేబుళ్లు ఓడ పొడుగునా లాగారు. ఓడ లోపల అరల పెట్టెలా ఉంటుంది. ఒక అరలో నీళ్లొచ్చినా పక్క అరలోకి పోకూడదని మధ్యమధ్య ఉక్కు గోడలు. కేబుళ్ల కోసం ఆ గోడలకి కన్నాలు పెట్టారు. పెట్టండి, తప్పులేదు. కేబులు లాగాక చుట్టూ మిగిలిన సందుని ప్యాకింగుతో బిగించి మూసెయ్యాలి. అది చెయ్యలేదు. తొందర. ఓడని నీళ్లలోకి వదిలే తారీకు ముందే ఖాయమైపోయింది, పెద్దవాళ్లని పిలిచేశారు. సందుల మీద దట్టంగా రంగు కొట్టేశారు, ఒకాయన అంతా బాగుందని సంతకం పెట్టేశాడు. ఆయనే ఇప్పుడు మా యార్డుకి చీఫ్. ఈ సంగతంతా నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు పొగమంచులో సరుకుల ఓడొకటి వచ్చి పెద్దత్త వెనకభాగాన్ని పక్కనుంచి గుద్దింది. పంపుల గది చిరిగిపోయి నీళ్లు నిండాయి. దాన్ని ఆనుకుని స్విచ్చుల గది. ఆ రెంటికీ మధ్య తలుపు మా తమ్ముడిది. వాడు స్విచ్చుల గదిలో ఉన్నాడు, ఇంకో ముగ్గురు నావికులు కూడా ఉన్నారు. పైకెక్కే దారి మీది మూత గుద్దుడికి వంకరపోయి తెరుచుకోలేదు. నీళ్లు ఆ గదిలోకీ వచ్చాయి. నలుగురూ పోయారు. ఓడ మాత్రం ఒక పక్కకి ఒరిగి, ఈడ్చుకుంటూ ఒడ్డుకొచ్చింది.

విచారణ జరిగింది. తలుపు వెయ్యాల్సిన మనిషి తలుపు వెయ్యలేదు, అందుకే నీళ్లొచ్చాయి అని తేల్చారు. ఫోటో కూడా చూపించారు, తలుపు బార్లా తెరిచి ఉన్న ఫోటో. ఓరి మీ దుంపతెగ! శవాల్ని బయటికి తెచ్చింది ఆ తలుపు తెరిచే కదా? తెరిచినవాళ్లే ఫోటో తీసి, చూడండి తెరిచి ఉంది అన్నారు. తర్వాత యార్డు గేటు పక్కన, పోయినవాళ్ల పేర్లతో ఇత్తడి పలక బిగించారు. దానిమీద ముగ్గురి పేర్లే ఉన్నాయి.

మా మరదలు యార్డు క్యాంటీన్లో పనిచేస్తుంది. టీ ట్రే పట్టుకుని ఎక్కడికెళ్లినా ఎవడో ఒకడు, "తలుపు వేసి వచ్చావా?" అంటాడు. పక్కవాళ్లు ఇకిలిస్తారు. మొదట్లో కావాలని అనేవాళ్లు. పోనుపోను అది యార్డులో ఊతపదం అయిపోయింది, ఎందుకంటున్నారో తెలీని కొత్తవాళ్లు కూడా అనేస్తారు. తను తల వంచుకుని కప్పులు అందించి వెళ్లిపోతుంది. నేనైతే ఒకడి హెల్మెట్‌లో వేడి టీ ఒంపాను.

"ఎందుకొదినా గొడవ" అంది మరదలు.

"నా తమ్ముడి పేరు ఆ పలక మీద పడేదాకా గొడవే" అన్నాను. నాకు కావలసింది అదొక్కటే. దాచుకోవడం దేనికి?

ఇన్నాళ్లకి పెద్దత్త పని అయిపోయింది. కొత్త మిస్సైలొకటి తయారైంది, పరీక్షకి దానికో గురి కావాలి. పెద్దత్తని నడిసముద్రంలోకి లాక్కెళ్లి, అతిథుల కళ్లముందు కొట్టి ముంచేద్దామన్నారు. ఒకప్పుడు మిస్సైళ్లు విసిరిన ఓడ మీదికే మిస్సైలు! ముంచేముందు అందులోని నూనె, కేబుళ్లు, సముద్రంలో కలవకూడని సామానూ ఊడదియ్యాలి. ఆ పని మా గ్యాంగుకి పడింది. గ్యాంగు మేస్త్రీని నేనే.

స్విచ్చుల గదిలో నేను మొదటిసారి కాలుపెట్టింది ఆ పని మీదే. మా గ్యాంగులో కేబుళ్లు లాగే బక్కపలచటి మనిషిని ఉడత అంటాం. వాడు గోడలోంచి ఓ కేబులు పట్టి బలంగా లాగాడు. కేబులుతోపాటు సందులోంచి ఒక గుడ్డ ఊడి వచ్చింది. నేవీ చొక్కా చెయ్యి. మడత మీద మడత పెట్టి, వేళ్లతో లోపలికి కుక్కింది. ఓడని బాగుచేసినవాళ్లు దానిమీదే రంగు కొట్టేశారు గనక అలాగే ఉండిపోయింది. మణికట్టు దగ్గర గుండీ ఇంకా పెట్టే ఉంది.

"అక్కా, ఇదేంటి?" అన్నాడు ఉడత.

నేను ఆ గుడ్డని వాడి చేతిలోంచి లాక్కున్నాను. తలుపు తెరిచి ఉంటే ఎవడైనా గోడ కన్నాల్లో చొక్కాలు కుక్కుతాడా? నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆ నలుగురికీ తెలుసు. ఒంటిమీది చొక్కాలు విప్పి చింపి, ఊపిరున్నంతసేపూ ఆ కన్నాలే మూశారు నా నాయనలు. ఆ చొక్కా ఎవరిదైతేనేం. ఏడిచాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా గ్యాంగందరి ముందూ గట్టిగా ఏడిచాను.

ఆ గుడ్డ పట్టుకుని తిన్నగా చీఫ్ గదికెళ్లాను. "సార్, కన్నాలకి ప్యాకింగు లేదు. నీళ్లు గోడలోంచి వచ్చాయి. మా తమ్ముడు తలుపు వేశాడు. మళ్లీ విచారణ వెయ్యండి" అన్నాను.

ఆయనకి తెలీక కాదు. గుడ్డ చూడగానే మొహం పాలిపోయింది. అయినా సర్దుకుని, "నూనె తుడుచుకునే గుడ్డమ్మా అది" అన్నాడు.

"నూనె తుడిచే గుడ్డకి గుండీ పెడతారా సార్?"

"చూడమ్మా, పోయినవాడు పోయాడు. ఓడ కూడా పోతోంది. ఇప్పుడు తవ్వుకుంటే నీకేం ఒరుగుతుంది?" అంటూ దాన్ని రెండువేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో పడేశాడు. "వెళ్లి పని చూసుకో. లోపలి తలుపులన్నీ తెరిచిపెట్టండి. త్వరగా మునగాలి. అతిథులు ఎదురుచూస్తూ కూచోకూడదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెత్తబుట్టలో చెయ్యిపెట్టి గుడ్డ తీసుకుని, దులిపి, జేబులో పెట్టుకున్నాను. "సరే సార్" అన్నాను. నేను సరే అన్నానంటే ఏదో ముంచుకొస్తోందని నన్నెరిగినవాళ్లకి తెలుసు. పాపం, ఆయన నన్నెరగడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర గ్యాంగుని కూచోబెట్టి చెప్పాను. "తలుపులు తెరిచిపెట్టం. అన్నీ వేసేస్తాం. కేబుళ్లు పీకిన ప్రతి కన్నంలోనూ చెక్క బిరడా కొడతాం. ఒక్క గోడ మాత్రం వదిలేస్తాం, పంపుల గదికీ స్విచ్చుల గదికీ మధ్య గోడ. అక్కడ తలుపు వేస్తాం, కన్నాలు అలాగే ఉంచుతాం. ఓడ మునిగిందా, ఆ గోడా నా నోరూ కలిసి సముద్రం అడుక్కి పోతాయి. తేలిందా, లోపలికెళ్లి చూసినవాడెవడైనా సరే, తలుపు వేసి ఉండగా నీళ్లెలా వచ్చాయో కళ్లారా చూస్తాడు."

"ఉద్యోగం పోతుందక్కా" అన్నాడు ఉడత.

"నీది పోదురా. ఎవరైనా అడిగితే, మా మేస్త్రీ రాక్షసి, మాట వినకపోతే తంతుంది, అందుకే చేశాం అని చెప్పు."

"అందులో అబద్ధమేముంది?" అన్నాడు వెధవ, అన్నం నములుతూ. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఒక్కడు కూడా వెనక్కి తగ్గలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది.

సుత్తులు పట్టుకుని ఓడంతా తిరిగాం. బిరడాలు కొట్టాం, తలుపులు వేశాం, పిడులు నొక్కాం. ఇంకో ముఖ్యమైన పని కూడా మాకే తగిలింది. మిస్సైలుకి గురి దొరకడానికి రేకులతో చేసిన పెట్టెలాంటిదొకటి ఓడకి బిగిస్తారు. రాడారుకి అది ఎండలో అద్దంలా మెరుస్తుంది, మిస్సైలు దానివైపే వస్తుంది. "వెనకభాగంలో ఎక్కడో అక్కడ వెల్డింగు చేసెయ్యండి" అని ఆర్డరు. ఎక్కడో అక్కడ! సరిగ్గా పంపుల గదికి తగిలేలా, ఓడ పక్కకి దించి వెల్డింగు చేశాను. అంత అందమైన వెల్డింగు నా జన్మలో చెయ్యలేదు.

పని చూడ్డానికొచ్చిన సూపర్‌వైజరు పై డెక్కు మీదే నిలబడి, "తలుపుల సంగతి చూశారా?" అని అరిచాడు.

"బ్రహ్మాండంగా చూశాం. మీరూ దిగి చూడండి సార్, చీకటి, ఎలుకలు కాస్త పెద్దవి" అన్నాను. దిగలేదు.

చివరికి ఆ తలుపు మిగిలింది. పిడులు ఒక్కొక్కటే నొక్కాను. అరచెయ్యి పెట్టి ఒకసారి తోసి చూశాను, వాడు ఫ్రిజ్జుకి చేసినట్టు. "వేశానురా" అన్నాను.

పరీక్ష రోజున క్యాంటీన్లో పెద్ద తెర కట్టి మాకందరికీ చూపించారు. తెరమీద పెద్దత్త ఒంటరిగా నిలబడి ఉంది. కేబుళ్లూ రాడార్లూ పీకేసిన ఒళ్లు బోసిగా ఉంది. మిస్సైలు నీళ్లకి ఆనుకుని వచ్చి, నేను కట్టిన పెట్టె దగ్గరే తగిలింది. నిప్పు, పొగ, చప్పట్లు. ఓడ ఒరిగింది. ఇంకా ఒరిగింది. రెండోది వచ్చి పైభాగాన్ని చీల్చేసింది. మళ్లీ చప్పట్లు. ఇప్పుడు మునుగుతుంది, ఇప్పుడు మునుగుతుంది అని అందరూ మెడలు సాచి చూస్తున్నారు. పెద్దత్త మునగదే! ఒరిగింది ఒరిగినట్టే ఆగిపోయింది. తెరమీద అతిథులు కుర్చీల్లో అటూ ఇటూ కదులుతున్నారు. టీలు అయిపోయాయి. చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

"మునగవే ముసల్దానా" అన్నాడు వెనకనుంచి ఎవడో.

మరదలు నా పక్కకొచ్చి నిలబడింది. "ఏమైందొదినా దానికి?" అంది.

"మునగదు. తలుపులన్నీ నీ మొగుడు వేసినట్టు వేశాను" అన్నాను. తను నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నొక్కుకుపోయి మర్నాటిదాకా మచ్చ ఉంది.

సాయంత్రానికి పేలుడుమందు పెట్టి ముంచేద్దామన్నాడు చీఫ్. కానీ కొత్త మిస్సైలు తయారుచేసిన విభాగం నుంచి తనిఖీ ఆఫీసరొకావిడ వచ్చింది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. "మా మిస్సైలు దీన్నెందుకు ముంచలేదో చూడకుండా నేను కదలను. వెనక్కి తీసుకురండి" అంది. తీసుకొచ్చారు.

యార్డులో చిరిగిన చోట రేకు అతికి, పంపుల గదిలో నీళ్లు తోడటం మొదలుపెట్టాం. ఆవిడా, చీఫూ, ఉడతా, నేనూ నిచ్చెన మీదుగా దిగి నిలబడ్డాం. నీళ్లు నడుముకి దిగాయి, మోకాలికి దిగాయి. ఉన్నట్టుండి ఎదురుగా గోడలోంచి నీళ్లు మా మీదికి చిమ్మాయి. ఒక కన్నంలోంచి కాదు, వరసగా అన్ని కన్నాల్లోంచీ. అవతల స్విచ్చుల గది నిండా నీళ్లే. మధ్యలో తలుపు. పిడులన్నీ కిందికే ఉన్నాయి.

ఆఫీసరు దగ్గరికెళ్లి ఒక్కో పిడినీ పట్టి చూసింది. "లోపలి తలుపులన్నీ ఎవరు వేశారు?"

"నేను" అన్నాను. "తెరవమని ఆర్డరు. వేశాను. ఉద్యోగంలోంచి తీసేస్తే తీసెయ్యండి. ముందు ఈ తలుపు వేసి ఉందా, తెరిచి ఉందా చెప్పండి."

"వేసే ఉంది."

"మరి నీళ్లు అవతలికెలా వెళ్లాయి? ఇదే మాట ఏళ్ల తరబడి అడుగుతున్నాను, ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఆ గదిలో నలుగురు పోయారు. ముగ్గురు వీరులట, నాలుగోవాడు తలుపు వెయ్యనివాడట!"

జేబులోంచి చొక్కా చెయ్యి తీసి, నీళ్లు చిమ్ముతున్న కన్నంలో కుక్కాను. నీళ్లు దాన్ని నా మొహానికే విసిరి కొట్టాయి. మళ్లీ కుక్కాను. మళ్లీ కొట్టాయి. వాళ్లు ఎంత పెనుగులాడి ఉంటారో నాకప్పుడు ఒంటికి తెలిసింది.

ఆఫీసరు ఆ గుడ్డ అందుకుని గుండీని తిప్పి చూసింది. "ఈ కన్నాలు ఎప్పటివి?" అంది.

"ఫిరంగి పీకి మిస్సైళ్లు పెట్టినప్పటివి. అంతా బాగుందని సంతకం పెట్టినాయన మీ పక్కనే ఉన్నారు, ఆయన్నే అడగండి."

చీఫ్ ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పండి సార్, పంపు చప్పుడులో వినపడలేదు."

"వేసే ఉంది" అన్నాడు. "తలుపు... అప్పుడూ వేసే ఉంది."

"నా రిపోర్టులో ఇదే రాస్తాను. మీరూ రాసివ్వండి" అంది ఆఫీసరు.

"పలక మీద కింద కాస్త చోటుంది. అతని పేరు కూడా చేర్పిస్తాను" అన్నాడు చీఫ్, నా వంక చూడకుండా.

"కింద చోటు మీరే ఉంచుకోండి. పలక కొత్తది పోతపోయించాలి. నలుగురూ ఒకే గదిలో ఉన్నారు, పలక మీదా ఒకే వరసలో ఉండాలి." ఆయన తలూపాడు. ఊపక ఏం చేస్తాడు? కొత్త పలక ఇప్పుడు గేటు పక్కనే ఉంది, వెళ్లి చూసుకోవచ్చు. ఆర్డరు కాదన్నందుకు నన్ను కొన్నాళ్లు సస్పెండు చేశారు. హాయిగా ఇంట్లో పడుకున్నాను.

కానీ నేను చెప్పదలుచుకున్నది పలక గురించి కాదు. ఆ రోజు మేమంతా పంపుల గదిలోంచి పైకి వచ్చేసరికి, నడవాలో మరదలు టీ ట్రేతో నిలబడి ఉంది. నిచ్చెన పైన తెరిచి ఉన్న తలుపు పక్కనే నిలబడి అంతా విన్నది. మొహం తడిసిపోయి ఉంది గానీ తల మాత్రం వంచలేదు. చివరగా చీఫ్ బయటికొచ్చాడు. ఎవరినీ చూడకుండా గబగబా తనని దాటుకుని వెళ్లిపోబోయాడు.

"సార్" అంది మరదలు. తను గొంతెత్తడం నేను వినడం అదే మొదటిసారి. "తలుపు వేసి వెళ్లండి."

నడవాలో పనివాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒక్కడు కూడా ఇకిలించలేదు. చీఫ్ వెనక్కొచ్చాడు. తలుపు లాగాడు. పిడులు ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కేసి, అయిపోయిందన్నట్టు పక్కకి జరిగాడు.

"అడుగున ఇంకోటుంది" అంది మరదలు.

ఆయన వంగి అది కూడా నొక్కాడు.